మూడు గిన్నెల క్యారియరు

క్యారియరు తళతళలాడుతూ తిరిగొచ్చింది. మెతుకు లేదు, మరక లేదు, కూర వాసన కూడా లేదు. మేస్త్రీ భార్య దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, నెత్తిన ఉప్పు డబ్బీ ఉన్న మూత తీసి, మూడు గిన్నెలూ విడదీసి వరసగా పేర్చింది. వాటి ఎదురుగా పీట వేసుకుని, చుట్టాలొచ్చినట్టు కూర్చుంది.

పొద్దున మొదలైన గొడవ సాయంత్రమవుతున్నా చల్లారలేదు.

ఆవిడ తమ్ముడు గుమ్మం పక్కన కుర్చీలో ఉన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ యూనియను నాయకుడాయన. వేదికెక్కితే మైకు అక్కర్లేని గొంతు. అక్కగారింట్లో మాత్రం ఆ గొంతు ఈ రెండు వారాలుగా వెన్నపూసైపోయింది. ఎల్లుండి బయటి నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడనీ, కాలనీలో ఇన్ని ఇళ్ళుండగా ఈ ఒక్క ఇంటికే వస్తాడనీ, మీ ఆయన ఎక్కడని ఒక్క ప్రశ్నే అడుగుతాడనీ ఆయన పొద్దుటి నుంచి పది రకాలుగా చెప్పాడు. లోపలి డ్యూటీలో ఉన్నాడు, రోజూ అన్నం పంపుతున్నాను, తిని క్యారియరు పంపిస్తున్నాడు అంటే చాలట.

"అబద్ధం చెప్పమనట్లేదక్కా," అన్నాడు పదకొండోసారి. "నువ్వు పంపుతున్నావా, పంపుతున్నావు. ఖాళీ అయి వస్తోందా, వస్తోంది. అంతేగా."

"కడిగి వస్తోంది," అంది ఆవిడ గిన్నెల మీంచి చూపు తిప్పకుండా. "మీ బావ జన్మలో గిన్నె కడిగాడా?"

లోపల క్యాంటీన్ వాళ్ళు కడుగుతున్నారేమో అన్నాడాయన. మిగతా వాళ్ళ క్యారియర్లు ఎందుకు కడగడం లేదని ఆవిడ అడిగింది. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆ ప్రశ్నకి యూనియను దగ్గర కూడా జవాబు లేదు.

నిజానికి ఆ ఊళ్ళో ఏ ప్రశ్నకైనా జవాబు ఒక్కచోటే ఉండేది. నీళ్ళు ఫ్యాక్టరీవి, కరెంటు ఫ్యాక్టరీది, బడి, ఆసుపత్రి, సరుకుల కొట్టు, చివరికి శ్మశానం కూడా ఫ్యాక్టరీ స్థలమే. పుట్టినవాడికి తూకం వేసేదీ, పోయినవాడికి గొయ్యి తవ్వేదీ ఒకే యజమాని మనుషులు. చెట్ల ఆకులు ఏ రంగువో అక్కడి పిల్లలకి వానాకాలంలోనే తెలిసేది. తక్కిన రోజులన్నీ బూడిదరంగే. ఫ్యాక్టరీ కూత కూస్తే లేవాలి, కూత కూస్తే తినాలి. ఇన్నేళ్ళలో ఆ కూత ఒక్కసారే వేళగాని వేళ మోగింది. అదీ సగంలో ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోయింది. ఆ పూట మేస్త్రీ నాలుగో సైలోలో ఉన్నాడు. సిమెంటు నిలవచేసే నిలువెత్తు గొట్టాలవి. లోపల గోడలకి గడ్డకట్టిన సిమెంటుని తాడు కట్టుకుని దిగి పొడిచి రాల్చడం ఆయన పని. తాడు పైకొచ్చిందో లేదో ఎవరూ చెప్పలేదు. మేస్త్రీని లోపలి డ్యూటీకి వేశారు, పని అయ్యేదాకా బయటికి రాడు, అని కబురు మాత్రం వచ్చింది.

సరే, కబురన్నాక నమ్మేవాళ్ళు నమ్ముతారు, మానేవాళ్ళు మానతారు. చిత్రమేమిటంటే, మేస్త్రీని అందరూ చూశారు. పాలవాడు గేటు సందులోంచి చూశాడట. పక్కింటావిడ మొగుడు క్యాంటీన్ దగ్గర చూశాడట. బడి పంతులు కూడా, ఫ్యాక్టరీలో ఆయనకేం పనో గానీ, చూశాడట. ఎలా ఉన్నాడని మేస్త్రీ భార్య అడిగితే, "బాగానే ఉన్నాడు, కాస్త చిక్కాడంతే" అన్నారు. పాలవాడూ అదే మాట, పక్కింటావిడ మొగుడూ అదే మాట, పంతులూ అదే మాట. అక్షరం అటూ ఇటూ కాలేదు. ముగ్గురూ ఆ మాట అనే ముందు ఒకసారి ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు చూశారు.

ఆ పైన మర్యాదలు మొదలయ్యాయి. అడక్కుండానే మనుషులొచ్చి వీధి మొత్తంలో ఆ ఒక్క ఇంటికే సున్నం వేసి పోయారు. దుమ్ము మేసే విభాగంలో ఉన్న కొడుకుని ఫ్యాను ఉన్న ఆఫీసు గదిలోకి మార్చారు. ఆసుపత్రిలో నర్సుగా ఉన్న కూతురి ఉద్యోగం ఎన్నాళ్ళుగానో నానుతున్నది రాత్రికి రాత్రే ఖాయమైంది. ఆపదలో ఆదుకునేవాళ్ళని చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. ఆపద రాలేదని చెప్తూ ఆదుకునేవాళ్ళని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

కొడుకు అప్పుడే ఇంట్లోకి వచ్చాడు. కొత్త ఉద్యోగం చొక్కా, ఇస్త్రీ మడత ఇంకా విరగలేదు. మామయ్య మొహం చూసి సంగతి గ్రహించాడు.

"నాన్న ఉన్నాడంటే నీకేంటమ్మా బాధ?" అన్నాడు. "వేరే వాళ్ళయితే సంతోషించేవాళ్ళు."

"ఉన్నాడంటే బాధ లేదురా. ఊరంతా ఒకే నోటితో చెప్తోంది చూడు, అదీ బాధ."

తనిఖీవాళ్ళకి ఆవిడ ఒక్క మాట తేడాగా చెప్తే సైలోలకి సీలు పడుతుందనీ, సీలు పడితే ఫ్యాక్టరీ ఆగుతుందనీ, ఆగితే ఈ కాలనీలో పొయ్యి వెలిగే ఇల్లు ఒక్కటీ ఉండదనీ కొడుకు చెప్పాడు. చెప్తూ చెప్తూ గొంతు పెంచాడు. అందరి ఉసురూ మనకే తగులుతుందన్నాడు. ఆవిడ విన్నది. విని, మూడు గిన్నెలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, మూత పెట్టి, కొక్కెం వేసింది. బయట రాళ్ళు పిండిచేసే మర చప్పుడు ఒక్కటే నేలలోంచి పాదాలకి తగులుతోంది.

కూతురు డ్యూటీ దిగి వచ్చేసరికి అన్న పెరట్లో కుళాయి దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. అమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్తోంది. కూతుర్ని చూసి ఆపేసింది. కాసేపటికి మామయ్యని సాగనంపుతానని వీధి మలుపు దాకా వెళ్ళింది. అక్కడా ఏదో చెప్పింది. ఆయన తల ఊపాడు, రెండు చేతులతో అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఎంతకీ అమ్మ ఇంటికి రాకపోయేసరికి కూతురు వెతుక్కుంటూ వెళ్ళింది.

అమ్మ బడి దగ్గర ఉంది. బడికి కొత్త గది కడుతున్నారు. సిమెంటుని ఫ్యాక్టరీయే ఉచితంగా ఇచ్చింది, ఆ సగం కూత మోగిన మర్నాడే, నాలుగో సైలోలోది. గోడలు లేచాయి, తడి ఇంకా ఆరలేదు. పిల్లలు ఆ గోడని ఆనుకోవద్దని పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు గానీ, బంతి అటువైపు దొర్లితే తెచ్చుకోవడానికి ఎవరూ వెళ్ళడం లేదు. అమ్మ ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడి ఉంది. జ్వరం చూస్తున్నట్టుంది ఆ నిలబడ్డ తీరు. కూతురికి ఏడుపొచ్చింది. ఇంటికి పోదాం రామ్మా అంది.

"చల్లగా ఉంది," అంది అమ్మ. చెయ్యి తీసి కొంగుకి తుడుచుకుంది. "నీకొక మాట చెప్తా. మీ అన్నకి చెప్పకు, మామయ్యకి అసలే చెప్పకు."

కూతురు చెప్పనంది.

"మీ నాన్నకో అలవాటుందే. అన్నం తిన్నాక క్యారియరు అడుగు గిన్నెలో కాసిని నీళ్ళు పోసి మూత పెట్టేవాడు. ఎండిపోతే నాకు తోమడం కష్టమని. పైకి అలా కనపడడు గానీ, నా చేతులంటే అంత ఇది ఆయనకి. ఈ రెండు వారాల్లో ఒక్కనాడూ ఆ నీళ్ళు రాలేదు." కొంగు భుజం మీదికి లాక్కుంది. "రేపు ఒక్కరోజు చూస్తా. నీళ్ళొస్తే ఉన్నాడని నమ్ముతా, ఆ అధికారికి మీరు చెప్పమన్నట్టే చెప్తా. రాకపోతే నాకు తోచిందే చెప్తా. ఆ తర్వాత ఎవరి ఖర్మ వాళ్ళది."

నాన్న అలాంటివాడని కూతురికి తెలియదు. ఇంట్లో తిన్న కంచంలోనే చెయ్యి కడిగి లేచిపోయే మనిషి, కంచం తీసి పక్కన పెట్టడం కూడా ఎరగడు. అలాంటివాడికి అమ్మ చేతుల మీద అంత ధ్యాసా అనుకుంటే గుండె నీరైపోయింది. దారి పొడవునా అమ్మ చెయ్యి పట్టుకునే నడిచింది.

మర్నాడు ఆసుపత్రిలో పెద్ద నర్సు ఆ అమ్మాయి కళ్ళు చూసి పక్కకి పిలిచింది. బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఏమీ అడగలేదు. తల నిమురుతూ, మనసులో పెట్టుకుంటే కుళ్ళిపోతావే అని మాత్రం అంది. ఆ గదిలో మందుల వాసన, కిటికీ అవతల పొగగొట్టం, ఆ నిమిరే చెయ్యి. అంతే.

మధ్యాహ్నం అన్నానికి వస్తే ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. క్యారియరు అప్పటికే బండి మీద లోపలికి వెళ్ళిపోయింది. వంట చేస్తున్నంతసేపూ అమ్మ కిటికీలోంచి గేటు వైపే చూస్తూ నిలబడిందని పొయ్యి మీద మాడిన పొంగు చూస్తేనే తెలుస్తోంది. కూతురు కూర కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు. తక్కువ కాదు, బొత్తిగా లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చేత్తో వండిన కూరలో ఉప్పు మర్చిపోవడం అదే మొదలు. అసలే మనిషి కుదేలై ఉంది, ఇప్పుడు ఆ మాట కూడా ఎందుకని, కూతురు నోరు మెదపకుండా కంచం ఖాళీ చేసింది. అమ్మ ఆ పూట ఏమీ తినలేదు.

క్యారియర్ల బండి గేటు దాటి వచ్చే వేళకి ఆ ఇంట్లో ముగ్గురూ హాజరయ్యారు. అదెన్నడూ లేని ముచ్చట. కొడుక్కి ఆఫీసులో తలనొప్పి వచ్చిందట. కూతుర్ని పెద్ద నర్సు దయతలచి ముందే పంపించిందట. తమ్ముడు అటుగా పోతూ ఆగాడట, అటుగా ఎటు పోతున్నాడో ఆయనకే తెలియాలి. ముగ్గురూ వంటింట్లో తలో గోడకీ ఆనుకుని నిలబడ్డారు. ఒకరు ఎందుకొచ్చారని ఇంకొకరు అడగలేదు.

బండి తాత క్యారియరు అరుగు మీద పెట్టి, తల ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. ఆవిడ తెచ్చి గట్టు మీద పెట్టింది. కొక్కెం తీసింది. మూత తీసి పక్కన పెట్టింది. పై గిన్నె ముందుకి జరిపింది.

గిన్నె అంచుకి వేళ్ళతో అదిమిన అన్నం ముద్ద ఒకటి అంటుకుని ఉంది.

"చూశావా అమ్మా," అన్నాడు కొడుకు. సంబరంగా ముద్దని వేలితో చూపించాడు. మామయ్య అతని వైపు వింతగా చూశాడు.

ఆవిడ మధ్య గిన్నె తీసింది. అందులో పిండేసిన నిమ్మచెక్క ఒకటి బోర్లా పెట్టి ఉంది. ఈసారి మామయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. దేవుడున్నాడక్కా అన్నాడు. కొడుకు ఆయన వైపు చూశాడు.

ఆవిడ అడుగు గిన్నె దగ్గరికి జరుపుకుంది. గిన్నెలో వేలి లోతున నీళ్ళున్నాయి. కూతురు చూసింది. ఒక్క క్షణం ఆ పిల్ల సంతోషానికి అంతులేదు. నాన్న ఉన్నాడనుకుంది, అమ్మ చేతులు గుర్తున్నాయనుకుంది. ఆ వెంటనే, అన్న ఆ ముద్దని చూసి ఎందుకు సంబరపడ్డాడో, మామయ్యకి నిమ్మచెక్కలో దేవుడెందుకు కనపడ్డాడో అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడని పట్టుకుంది.

"ఏమే," అంది అమ్మ, "నిన్న నీకు నీళ్ళ గురించి చెప్పాను కదా. మీ అన్నకి ముద్ద వదిలేస్తాడని చెప్పాను. మీ మామయ్యకి నిమ్మచెక్క చెప్పాను. ఎవరిది వాళ్ళకే చెప్పా, పక్కవాళ్ళకి చెప్పొద్దన్నా. పక్కవాళ్ళకి చెప్పలేదు మీరు, ఆ నిజాయితీ ఉంది."

నేలలోంచి మర చప్పుడు పాదాలకి తగులుతూనే ఉంది. అడుగు గిన్నెలో నీళ్ళు ఆ అదురుకి సన్నగా వణుకుతున్నాయి.

ముందు కొడుకే నోరు విప్పాడు. పై అధికారి అమ్మ ఎలా ఉందని అడిగితే మాటల్లో వచ్చిందన్నాడు. తమ్ముడు దాచలేదు. మేనేజరుకి తనే వెళ్ళి చెప్పానన్నాడు, నీ మనశ్శాంతి కోసమే అక్కా అన్నాడు, ఇన్ని వందల కుటుంబాల అన్నం కోసమన్నాడు. కూతురికి పెద్ద నర్సు చెయ్యి తల మీద ఇంకా ఉన్నట్టే అనిపించి జుట్టు విదిలించుకుంది. ఆ ఊళ్ళో గోడలకి చెవులక్కర్లేదు. ప్రేమగా పలకరించేవాళ్ళుంటే చాలు.

"నేను ఎవరికీ చెడు చెయ్యాలని కాదమ్మా," అంది చివరికి.

"నాకు తెలీదా. మీ ముగ్గురూ నా మీద ప్రేమతోనే చెప్పారు." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు తొణకలేదు. "ఆయన ముద్ద వదిలే మనిషి కాదు, మెతుకు పారేస్తే చెయ్యి విరిచేవాడు. నిమ్మకాయ గిట్టదు. ఇక నా చేతుల సంగతంటావా, పెళ్ళైన నాటి నుంచీ నాకు రెండు చేతులున్నాయని కూడా చూసిన పాపాన పోలేదు. అన్నీ నేను కల్పించినవే. ఆ నీళ్ళ మాట కల్పిస్తుంటే మాత్రం నిజమైతే ఎంత బావుండును అనిపించింది."

తర్వాత ఆవిడ నిదానంగా, పొద్దున చెయ్యాల్సిన పనులు చెప్పుకున్నట్టు, రేపు ఏం చెయ్యబోతున్నదో చెప్పింది. అధికారి వస్తాడు. మా ఆయన లోపల లేడని చెప్తుంది. ఉంటే ఈ మూడు దొంగ గుర్తులూ రావాల్సిన పని లేదని చెప్తుంది. నాలుగో సైలో తెరిపించమంటుంది, బడి గోడ పగలగొట్టి చూడమంటుంది. ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేస్తుంది. తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు. కొడుకు ఇస్త్రీ చొక్కా గుండీ మెలితిప్పుతూ నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవరికీ ఆపే ధైర్యం లేదు.

"మరి నాన్న నిజంగా ఏం చేసేవాడమ్మా?" అని అడిగింది కూతురు. ఎందుకడిగిందో దానికే తెలియదు. ఆయన గురించి నిజమైన మాట ఒక్కటైనా వినాలనిపించిందేమో.

అమ్మ మొహంలో ఒక నవ్వు వచ్చి పోయింది. ఆయన వంట గురించి ఏనాడూ నోరు తెరిచి బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు అంది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు రెండుసార్లు కూరలో ఉప్పు మర్చిపోయిందట. రెండుసార్లూ మూత మీద ఉప్పు డబ్బీలో చిన్న రాయి వేసి పంపాడట. ఇంటికొచ్చాక ఆ మాటే ఎత్తలేదట. అప్పటి నుంచి ఆవిడ ఉప్పు మరవలేదు, ఆయన రాయి వెయ్యలేదు.

"మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణ మొత్తానికి అదే," అంది. "ఎవరికి చెప్పినా నవ్వుతారని మా అమ్మకి కూడా చెప్పలేదు. మీకు చెప్పడం కూడా ఇదే మొదలు. ఇక ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి."

గిన్నెలు తోమడానికి ఒకదాంట్లో ఒకటి వేసుకుంది. అంతసేపూ పక్కన పడి ఉన్న మూత కోసం చెయ్యి చాపి ఎత్తింది.

మూతలో ఏదో గలగలమంది.

ఆవిడ మూతని చెవి దగ్గరికి తీసుకెళ్ళి ఇంకోసారి కదిపింది. వాడక ఏళ్ళయి బిగుసుకుపోయిన ఆ డబ్బీ మర సులువుగానే తిరిగింది. బోర్లిస్తే అరచేతిలో బూడిదరంగు రాయి పడింది, శెనగగింజంత. దానికి ఇంకా సిమెంటు పొడి అంటుకుని ఉంది.

తమ్ముడు ఇదేంటక్కా అన్నాడు. ఆవిడకి వినపడలేదు. పొద్దున పొయ్యి ముందు తనేం చేసిందో, ఏం మరిచిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు కిటికీ వైపు, గేటు వైపు చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగింది. మొహంలో నెత్తురు లేదు. రేపు నోరు విప్పితే ఆ లోపలున్న మనిషికి ఏమవుతుందో అన్న భయం మొదటిసారి ఆ కళ్ళలో కనపడింది.

"మధ్యాహ్నం కూర తిన్నావు కదే," అంది మెల్లగా. "ఉప్పు వేశానా?"

కూతురు అన్న వైపు చూసింది, మామయ్య వైపు చూసింది. ఇద్దరూ తన నోటి వైపే చూస్తున్నారు.

"లేదమ్మా," అంది.